రోజూ పదిహేను నిమిషాలు సర్దుతున్నా ఇల్లు అలాగే ఉంది, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

అటకమీద పిల్లి:

అందరికీ నమస్కారం. పేరు చూసి నవ్వుకుంటే నవ్వుకోండి. మా ఇంట్లో అటక మీద పిల్లి పట్టేంత చోటు కూడా లేదు, ఆ కడుపుమంటతోనే ఈ పేరు పెట్టుకున్నాను.

ఇంట్లో నలుగురం ఉంటాం. నేను, మా ఆయన, తొమ్మిదో క్లాసు చదివే మా అమ్మాయి, మా అత్తయ్య. రెండు పడగ్గదుల ఇల్లు. హాల్లోంచి వంటింట్లోకి వెళ్లే దారిలో ఒక బల్ల ఉంది. దాని పైచెక్క ఏ రంగో నిజంగా గుర్తులేదు. తాళాలు, బిల్లులు, హెల్మెట్, సగం వాడిన టేపు చుట్ట, ఎవరిదో గొడుగు... బయటి నుంచి వచ్చినవాళ్ల చేతిలో ఏముంటే అది దాని మీదికే చేరుతుంది. నేనూ అంతే, వాళ్లని అనడానికి లేదు.

మూడు నెలల కింద ఒక ఆదివారం పంతం పట్టి బీరువాలో ఉన్నవన్నీ మంచం మీద కుమ్మరించాను. పొద్దున పదింటికి మొదలుపెడితే మధ్యాహ్నం మూడింటికి పావు వంతు కూడా తెమల్లేదు. రాత్రి పడుకోవడానికి మంచం కావాలి కదా! పదకొండింటికి అన్నీ ఉండలు చుట్టి మళ్లీ లోపలికే తోశాను. తలుపు పడడానికి మోకాలు ఆనించాల్సి వచ్చింది.

తర్వాత ఆఫీసులో ఒకామె చెప్పింది, ఒకేసారి వద్దు, రోజూ 15 నిమిషాలు టైమర్ పెట్టుకుని చెయ్యమని. ఇవాళ్టికి 42వ రోజు. ఆరు రోజులు తప్ప రోజూ చేశాను. అంటే మొత్తం తొమ్మిది గంటలు. ఆ తొమ్మిది గంటలు ఎటు పోయాయో తెలియట్లేదు. సొరుగు సర్దుతాను, వారానికి మళ్లీ నిండుతుంది. "ఇచ్చేయాల్సినవి" అని మూడు సంచులు కట్టి తలుపు వెనక పెట్టాను. అవి అక్కడే ఉన్నాయి. మా అమ్మాయి ఒక జాకెట్ వెనక్కి లాక్కుంది. అత్తయ్య రెండు గిన్నెలు తీసేసుకుని, నాతో ఒకరోజు మాట్లాడలేదు.

ఏమేం ఉన్నాయో కొన్ని చెప్తాను. ఇప్పుడు మా దగ్గర లేని ఫోన్ల చార్జర్లు 11. ఖాళీ ఫోన్ డబ్బాలు ఏడు. బట్టలు ఆరేసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాని వ్యాయామం సైకిలు ఒకటి. దేనివో తెలియని తాళంచెవులు ఒక గుప్పెడు. మూతలు లేని డబ్బాలు, డబ్బాలు లేని మూతలు (ఇవి ఒకదానికొకటి ఎందుకు సరిపోవో దేవుడికే తెలియాలి). ఇంకా మా నాన్న పోయాక తెచ్చిన ఒక పెట్టె. అది తెరవలేదు.

15 నిమిషాలు చాలవా? గంట చెయ్యాలా? గంట నా వల్ల కాదు, ముందే చెప్తున్నా.


చిలకకొయ్య:

అండీ, మీరు చేస్తున్నది సర్దడం. ఖాళీ చేయడం వేరే పని. ఈ గదిలోది ఆ గదిలోకి, కింది అరలోది పై అరలోకి పెడితే తొమ్మిది గంటలు కాదు, తొమ్మిది వందల గంటలైనా ఇంట్లో వస్తువుల లెక్క మారదు.

నేనూ ఇలాగే ఆరు నెలలు టైమర్‌తో తిప్పలు పడ్డాను. తర్వాత టైమర్ తీసేసి లెక్క పెట్టడం మొదలుపెట్టాను. రోజుకు మూడు వస్తువులు. గుమ్మం దాటాలి, అప్పుడే లెక్క. సంచిలో వేశాను, పక్కన పెట్టాను, ఎవరికో ఇస్తానని చెప్పాను అంటే సున్నా. ఒక్కోరోజు రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఒక్కోరోజు ఒకే వస్తువు దగ్గర ఇరవై నిమిషాలు కూర్చుంటాం. చేతులకేం శ్రమ లేదండీ, తేల్చుకోవడం దగ్గరే ఒళ్లు హూనం అవుతుంది. మీరు ఆ ఆదివారం బీరువా కుమ్మరించినప్పుడు నాలుగు వందల నిర్ణయాలు ఒకేసారి మంచం మీద పోసుకున్నారు. ఎవరికైనా బుర్ర పనిచేయదు.

అందుకే మొదటి రెండు వారాలు అసలు ఆలోచించాల్సిన అవసరం లేని వాటినే పట్టుకోండి. రాయని పెన్నులు. జత లేని సాక్సులు. ఖాళీ ఫోన్ డబ్బాలు (వారంటీ అయిపోయుంటే). మూతలేని ఆ డబ్బాలు. గడువు తీరిన మందులు. వీటి మీద ఎవరికీ ప్రేమ ఉండదు, మీ అత్తయ్యగారితో సహా.

మందుల గురించి ఒక మాట. సింకులో, టాయిలెట్‌లో పోయకండి, నీళ్లలో కలుస్తాయి. వెనక్కి తీసుకునే మందుల షాపు ఉంటే అక్కడ ఇవ్వడం అన్నిటికంటే మంచిది. లేకపోతే మాత్రలు రేకుల్లోంచి తీసి మట్టిలో కలిపి, కవరులో మూతి బిగించి చెత్తలో వేయండి. సీసా మీద మీ పేరుంటే కొట్టేయండి. కంటి చుక్కలకు సీసా మీద ఉన్న తేదీ ఒక్కటే చూడకండి, చాలావాటిని తెరిచిన నాలుగు వారాల తర్వాత వాడకూడదు.

పాత ఫోన్లు కూడా ఉంటాయి కదా, చార్జర్లు ఉన్నాయంటే ఉండే ఉంటాయి. ముందు మీ అకౌంట్లోంచి బయటికి రండి, ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, సిమ్ము, మెమరీ కార్డు తీయండి, ఆ తర్వాతే ఎవరికైనా ఇవ్వండి. వెనక మూత ఉబ్బినట్టుంటే అది బ్యాటరీ. దాన్ని నొక్కకండి, పొడవకండి, చార్జింగ్ అసలే పెట్టకండి. మామూలు చెత్తలో వేసినా నలిగి అంటుకునే ప్రమాదం ఉంది. ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్లకే ఇవ్వండి.

ఆ మూడు సంచులు రేపు పొద్దున బండిలో పెట్టేయండి. ఇంట్లో ఉన్నంతకాలం అవి మీవే.


పాతసామాను:

నేను రిటైరైన మెకానిక్‌ని. ఇలాంటి పారేసే చర్చలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక స్క్రూ కోసం రెండు కిలోమీటర్లు నడిచినవాడికే స్క్రూ విలువ తెలుస్తుంది. తాళంచెవులు పారేయకండమ్మా. పారేసిన మర్నాడే తాళం కనబడుతుంది, ఇది నా అనుభవం.

కానీ ఒక సంగతి ఒప్పుకోవాలి. తొమ్మిదేళ్ల కింద మంచి బూట్లు కొన్నాను. రెండుసార్లు వేసుకుని, పాడవుతాయని డబ్బాలో భద్రంగా దాచాను. మొన్న ఒక పెళ్లికి వేసుకెళ్తే మెట్లెక్కుతుండగా అడుగుభాగం కేకులా విరిగి రాలిపోయింది. హాలు నిండా నల్లటి పొడి. మా మనవడు వెనకాలే ఏరుకుంటూ వచ్చాడు. ఆ అడుగు పాలియురేథేన్‌తో చేస్తారు. గాల్లో తేమ మెల్లగా దాన్ని విరిచేస్తుంది. వాడుతుంటే అడుగు నొక్కుకుని లోపలి తేమ కాస్త బయటికి పోతుందంటారు. వాడకుండా పెడితే డబ్బాలోనే ముసలిదైపోతుంది.

అప్పటి నుంచి దాచినవన్నీ తీసి చూస్తున్నాను. టార్చిలైటులో సెల్లులు కారి స్ప్రింగును తినేశాయి. ఆ తెల్లటి పొడిని చేత్తో ముట్టుకోకండి, అది క్షారం, చర్మం మండుతుంది. రబ్బరు బ్యాండ్లు కాగితాలకు అతుక్కుపోయాయి. మిక్సీ బిల్లు జాగ్రత్తగా ప్లాస్టిక్ కవర్లో పెట్టాను, తీసి చూస్తే తెల్లకాగితం. ఆ బిల్లుల మీద సిరా ఉండదు, వేడికి నల్లబడే పూత ఉంటుంది. ఎండకి, ప్లాస్టిక్‌కి అది వెలిసిపోతుంది. కొన్నరోజే ఫోటో తీసుకోవాలి.

దాచుకుంటే పాడవదు అనుకుంటాం. దాచినవే ముందు పాడయ్యాయి మా ఇంట్లో. అయినా స్క్రూలు మాత్రం పారేయను.


సగంచదివిన పుస్తకం:

పిల్లి గారూ, జాకెట్టూ గిన్నెలూ వెనక్కి వెళ్లడం మామూలే. చేతిలో ఉన్నదానికి మనం ఎక్కువ విలువ కడతాం. 1990లో కానెమన్, నెచ్, థేలర్ అనే ముగ్గురు కొందరు విద్యార్థులతో ఒక ప్రయోగం చేసి ప్రచురించారు. సగం మందికి కాఫీ కప్పులు ఉచితంగా ఇచ్చి, అమ్మమంటే ఎంత అడుగుతారో, కప్పు రానివాళ్లు ఎంత ఇస్తామంటారో చూశారు. అమ్మేవాళ్లు అడిగింది దాదాపు రెట్టింపు. కప్పు వాళ్ల చేతికొచ్చి ఎంతోసేపు కాలేదు! మీ అత్తయ్యగారి గిన్నెలకు నలభై ఏళ్లుండొచ్చు.

అందుకని "ఇది పారేయాలా" అని మిమ్మల్ని మీరు అడగకండి. "ఇది నా దగ్గర లేకపోతే ఇవాళ కొనుక్కుని తెచ్చుకుంటానా" అని అడిగి చూసుకోండి. చార్జర్ల దగ్గర జవాబు వెంటనే వస్తుంది.

ఆరు రోజులు తప్పాయని బాధపడకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మంది మీద చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. ఒక కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా తేడా రాలేదు. మీది ఇంకా 42.


అటకమీద పిల్లి:

గుమ్మం దాటితేనే లెక్క అన్నారు చూడండి, అది తగిలింది. ఇప్పటిదాకా నా లెక్క చూసుకుంటే 42 రోజుల్లో గుమ్మం దాటినవి... పాత పేపర్లు. అంతే.

అత్తయ్య విషయంలో ఒక డౌటు. ఆమె గదిలో నాలుగు అట్టపెట్టెల నిండా ప్లాస్టిక్ కవర్లు, తాళ్లు, ఖాళీ సీసాలు ఉన్నాయి. ఆమె ఊళ్లో లేనప్పుడు మెల్లగా తీసేయమని మా ఆయనకి చెప్పనా? చూస్తే ఒప్పుకోరు, చూడకపోతే ఏం గుర్తుండవు అనిపిస్తుంది.


చిలకకొయ్య:

వద్దు. ఒక్కటి పోయినట్టు తెలిసినా ఇక మీరు చెత్తబుట్ట దగ్గర కనబడినప్పుడల్లా ఆమె వచ్చి వెతుకుతారు. మా ఇంట్లో అదే జరిగింది, రెండేళ్లు పట్టింది సర్దుకోవడానికి. ఇతరుల వస్తువులు ముట్టుకోకండి. మీవి పోతుంటే చూసి వాళ్లే ఒకరోజు తెస్తారు. తేకపోతే తేలేదు, అది వాళ్ల గది.

ఒకటి మాత్రం గమనించండి. మంచం మీద పడుకోవడానికి, గదిలో నడవడానికి వీల్లేనంత పేరుకుపోయి, ఒక్క కవరు తీస్తానన్నా ఆమె నిజంగా తల్లడిల్లిపోతుంటే, అది సర్దడంతో తేలేది కాదు. దాన్ని ఒక మానసిక సమస్యగా 2013లో, డాక్టర్లు వాడే మానసిక సమస్యల పుస్తకం డీఎస్‌ఎం 5లో విడిగా చేర్చారు. డాక్టరుతో మాట్లాడాలి. నాలుగు అట్టపెట్టెలంటే ఆ పరిస్థితి కాదనుకోండి. మా అమ్మ దగ్గర ఏడున్నాయి.


కాగితంపడవ:

నాన్నగారి పెట్టె గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెప్తాను. అది రోజుకు మూడు లెక్కలోకి రాకూడదు. చివరికి ఉంచండి. తేలిక వస్తువుల మీద రెండు నెలలు చేయి తిరిగాక అది తెరవడం వేరేగా ఉంటుంది.

కానీ ఇప్పుడే ఒక్క పని చేయండి. పెట్టె తెరవండి, కానీ ఏదీ చదవద్దు. లోపల కాగితాలు ప్లాస్టిక్ కవర్లో కట్టి ఉన్నాయేమో చూసి, ఉంటే తీసేయండి. చెమ్మ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. పెట్టె నేల మీద, గోడకి ఆనించి ఉంటే కాస్త ఎత్తుగా పెట్టండి. మా అమ్మ ఉత్తరాలు మూడేళ్లు అలాగే వదిలేశాను, చదివే ధైర్యం లేక. తీసేసరికి సిల్వర్‌ఫిష్ అనే వెండిరంగు పురుగులు అంచులన్నీ గీకేశాయి. కాగితంలోని గంజి, జిగురు వాటికి తిండి. అక్షరాలు మిగిలాయి, కానీ ఆవిడ చివర్లో పెట్టే సంతకం చాలావాటిలో లేదు.


అటకమీద పిల్లి:

ఏడు వారాల తర్వాత వచ్చాను. మర్చిపోయాననుకున్నారా?

సంచులు చెప్పిన మర్నాడే వెళ్లిపోయాయి. ఆ రోజు లెక్కలో 31 పడ్డాయి, కానీ నేను మూడే రాసుకున్నాను, మోసం చేయకూడదని. ఫ్రిజ్ మీద కాగితం అంటించి గీతలు గీస్తున్నాను. ఇవాళ్టికి 111. మధ్యలో జ్వరం వచ్చి ఐదు రోజులు ఏమీ లేదు. ఒక వారం కోపం వచ్చి మానేశాను, ఎందుకో కూడా గుర్తులేదు.

చార్జర్లలో రెండు ఉంచాను, మిగతావి ఎలక్ట్రానిక్ చెత్తకి ఇచ్చాను. పాత ఫోన్లు నాలుగు దొరికాయి. ఒకటి నిజంగానే ఉబ్బి ఉంది, దాన్ని ముట్టుకోవడానికి మా ఆయన చేతికి వంటింటి మందపు గ్లోవ్స్ వేసుకున్నాడు. నవ్వాగలేదు. బిల్లులు సగం తెల్లకాగితాలే, పాతసామాను గారూ, మీరన్నట్టే. సైకిలు పోలేదు. దాని దగ్గర మాత్రం "ఇవాళ కొంటానా" అని అడిగితే, కొంటాననే అనిపిస్తోంది. సిగ్గులేదు నాకు.

బల్ల దగ్గరే ఎక్కువ తంటా పడ్డాను. రోజూ ఖాళీ చేయడం, రాత్రికి నిండడం. చివరికి తేలిందేంటంటే, అందరూ అక్కడ పడేసేది బద్ధకంతో కాదు, తాళాలకీ హెల్మెట్‌కీ ఇంకెక్కడా చోటు లేకపోవడంతో. గుమ్మం పక్కన గోడకి నాలుగు కొక్కేలు, బిల్లులకి ఒక చిన్న బుట్ట పెట్టాను. పది నిమిషాల పని. బుట్ట నిండితే అప్పుడే చూడాలి, దాని మీద ఇంకోటి పెట్టకూడదు అన్నది మా అమ్మాయి పెట్టిన రూలు. దాన్ని మొదట తప్పింది కూడా ఆవిడే.

బల్ల చెక్క గోధుమరంగు. మధ్యలో గుండ్రంగా కాలిన మచ్చ ఉంది. ఎవరు చేశారని నలుగురం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం.

అత్తయ్య మొన్న తనంతట తాను ఒక అట్టపెట్టె తెచ్చి హాల్లో పెట్టారు. "ఇవి ఎవరికైనా పనికొస్తాయేమో చూడు" అన్నారు. చూస్తే అన్నీ నేను ఆరేళ్లుగా వెతుకుతున్న డబ్బాల మూతలు. డబ్బాలేమో మూడో రోజే పారేశాను.

నాన్న పెట్టె ఎత్తు మీద పెట్టాను. ప్లాస్టిక్ తీసేశాను. పైనున్న ఒక్క కాగితం చదివాను, చదవకూడదనుకుంటూనే. ఆయన చేతిరాతలో సరుకుల జాబితా. చివర నా పేరు రాసి పక్కన "పెన్సిళ్లు" అని ఉంది. మళ్లీ మూసేశాను. కాగితంపడవ గారూ, చాలా థాంక్స్ అండీ.


పాతసామాను:

అంతా బాగుందమ్మా. తాళంచెవులు ఏం చేశారు?


అటకమీద పిల్లి:

మీరు అడుగుతారని తెలుసు. ఐదో రోజు పారేశాను. పోయిన శనివారం అటక మీద చిన్న ఇనప్పెట్టె దొరికింది, తాళం వేసి ఉంది. మీ మాట గుర్తొచ్చి చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను. మా ఆయన స్క్రూడ్రైవర్‌తో తెరిచాడు. లోపల ఇంకో ఆరు తాళంచెవులు.